ఫోల్డరు పేరు మార్చుకోవాలిట!

"ఫైలు లోడ్ కాలేదు. ఫోల్డరు పేరులో స్పెషల్ క్యారెక్టర్లు ఉన్నాయేమో చూసుకోండి." ఈ ముక్క చూడనివాళ్ళు మనలో ఉండరు. సపోర్టు వాళ్ళనడిగితే ఒకటే మందు రాసిస్తారు: పేరు ఇంగ్లీషులోకి మార్చండి, మధ్యలో ఖాళీలు తీసెయ్యండి, సి డ్రైవులో పైపైన పెట్టుకోండి. పని జరిగిపోతుంది, కాదనను. కానీ ఆ మందు మీద నాకు చాలాకాలంగా కోపం. ఆ అక్షరాల్ని 'స్పెషల్' చేసిందెవరో తవ్వుకుంటూ పోతే, పేరు పెట్టినవాడి తప్పు ఎక్కడా కనపడదు మరి!

యునిక్స్‌లో ఫైలు పేరుకి పనికిరానివి రెండే రెండు: / గుర్తు, విలువ సున్నా అయిన బైటు. డాస్ సంగతి వేరు. 1980లో టిమ్ పేటర్సన్ క్యూడాస్ రాసినప్పుడు ముందున్న సీపీ/ఎమ్ పద్ధతినే పట్టుకున్నాడు. ఎనిమిదక్షరాల పేరు, మూడక్షరాల తోక అక్కణ్ణించి వచ్చినవే. 1981 నాటి మొదటి డాస్‌లో అసలు ఫోల్డర్లే లేవు, అందుకని / గుర్తుని కమాండ్ల స్విచ్చులకి వాడేశారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీగా లేదు. పక్కనున్న \ ని తెచ్చి కూర్చోబెట్టారు. అదేమో సీ భాషలో ఎస్కేప్ గుర్తు! ఎన్‌తో మొదలయ్యే ఫోల్డరు కొత్త లైనైపోవడం, టీతో మొదలయ్యేది ట్యాబైపోవడం అప్పట్నించీ ఉన్న ముచ్చటే.

1995 ఆగస్టులో విండోస్ 95 పొడుగు పేర్లని, వాటితోపాటు ఖాళీల్నీ తెచ్చింది. 'ప్రోగ్రామ్ ఫైల్స్' అని మధ్యలో ఖాళీతో పేరు పెట్టారు. పాత ప్రోగ్రాములు బెదిరిపోకుండా దానికే 'ప్రోగ్రా~1' అని ముద్దుపేరు కూడా ఇచ్చారు. తర్వాత విస్టాలో 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' కాస్తా పొట్టిగా 'యూజర్స్' అయింది.

ఖాళీని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2001 నవంబరులో ఆపిల్ వాళ్ళకి తెలిసొచ్చింది. మాక్ ఓఎస్ టెన్ కోసం ఇచ్చిన ఐట్యూన్స్ 2.0 ఇన్‌స్టాలరు, పాత ఐట్యూన్స్‌ని చెరిపేసే లైనులో డిస్కు దారికి కొటేషన్లు పెట్టలేదు. డిస్కు పేరులో ఖాళీ ఉంటే షెల్లు దాన్ని రెండు ముక్కలుగా చదువుకుంది. మొదటి ముక్క ఇంకో డిస్కు పేరైతే ఇంక అంతే, ఆ డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. హడావిడిగా దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1 ఇచ్చారు. రెండు కొటేషన్ గుర్తుల ఖరీదండీ అది.

జావా జనాలకి ఇంకో తలనొప్పి. యూఆర్‌ఎల్‌లో ఖాళీ ఉండకూడదు కాబట్టి అది %20 అవుతుంది. క్లాస్‌లోడర్ ఇచ్చిన యూఆర్‌ఎల్ నుంచి దారి తీసుకుని సూటిగా ఫైలు తెరవబోతే, %20 అనే అక్షరాలున్న ఫోల్డరు కోసం వెతుకుతుంది. అలాంటిదెక్కడుంటుంది? ఫోల్డరు పేరులో # ఉంటే ఆ తర్వాతదంతా పేజీలోపలి చిరునామా అనుకుని వదిలేస్తుంది. జార్ ఫైలు దారిలో ! కీ వేరే అర్థం ఉంది. ఎక్కడ చూసినా జబ్బు ఒకటే. ఒక పొర పేరుగా ఇచ్చినదాన్ని ఇంకో పొర ఆజ్ఞగా చదువుతోంది.

ఇహ మన తెలుగు దగ్గరకొద్దాం. నాకు అసలు మంట ఇక్కడే.

విండోస్‌లో పాత ప్రోగ్రాములు ఫైలు పేర్లని 'కోడ్ పేజీ' ద్వారా చదువుతాయి. పడమటి యూరపుకి 1252, రష్యన్‌కి 1251, జపనీస్‌కి 932. జపాన్ వాళ్ళు కోడ్ పేజీ ఉండి కూడా పడరాని పాట్లు పడ్డారు. వాళ్ళ షిఫ్ట్-జిస్‌లో కొన్ని అక్షరాల రెండో బైటు విలువ 92. \ విలువ కూడా సరిగ్గా అదే! కటకానాలో 'సో' అనే మామూలు అక్షరం ఫోల్డరు పేరులో ఉంటే, అది తెలియని ప్రోగ్రాము అక్కడ దారి విరిగిందనుకునేది.

మనకి ఆ పాట్లు కూడా దక్కలేదు. మార్పిళ్ళ కోసం 57005 అని తెలుగు ఇస్కీ పేజీ ఒకటుంది గానీ, దాన్ని సిస్టమ్ కోడ్ పేజీగా పెట్టుకోవడం కుదరదు. విండోస్‌లో తెలుగు పుట్టుకతోనే యూనికోడ్. అది గొప్పే గానీ, పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాము దృష్టిలో తెలుగనేదే లేదు. 'రమణ' అనే ఫోల్డరు దానికి '???' గా అందుతుంది. ఫైలు పేరులో ? నిషేధం కాబట్టి తెరవబోతే దొరకదు.

మా బంధువుల్లో ఒక పెద్దాయన కొత్త లాప్‌టాప్ కొని, మొదటి తెరమీద పేరడిగితే ముచ్చటగా తెలుగులో కొట్టారు. విండోస్ ఆ పేరుతోనే యూజర్ ఫోల్డరు చేసింది. టెంప్ ఫోల్డరు ఉండేది అందులోనే. దాంతో లెక్కల ప్రోగ్రామొకటి మొరాయించింది. అకౌంటు పేరు మార్చినా ఫోల్డరు పేరు మారదు కదా! అమ్మినవాళ్ళని అడిగితే "తెలుగులో ఎవరు పెట్టుకోమన్నారండీ?" అన్నారట. తెలుగు కీబోర్డూ, తెలుగు ఫాంటూ ఇచ్చి, తీరా పేరు రాసుకుంటే ఈ మాట!

మాక్‌లో ఇంకో విచిత్రం. 1998లో వచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టి దాచేది. ఐత్వం (ై) యూనికోడ్‌లో ఒక కోడే, కానీ ఎత్వం, దాని కింద గుర్తు అని రెండుగా కూడా రాయొచ్చు. కాబట్టి మనం తొమ్మిది కోడ్లతో 'హైదరాబాద్' అని రాస్తే డిస్కు మీద పదయ్యేవి. యూటీఎఫ్-8లో 27 బైట్లు కాస్తా 30. లినక్స్‌లో ఆ రెండూ వేరువేరు ఫోల్డర్లు, కంటికి మాత్రం ఒకటే! 2017లో ఏపీఎఫ్‌ఎస్ వచ్చాక ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే దాస్తున్నారు.

మందు లేక కాదు. విండోస్ ఎన్‌టీ వచ్చిన 1993 నుంచీ యూనికోడ్ ఫంక్షన్లున్నాయి, వాడలేదంతే. 2016 చివర్లో పైథాన్ 3.6 విండోస్‌లో ఫైలు పేర్లకి యూటీఎఫ్-8కి మారింది. 2019లో వచ్చిన విండోస్ 10 1903 నుంచి పాత ప్రోగ్రాముకి కూడా మానిఫెస్టులో ఒక్క ముక్క చేర్చి యూటీఎఫ్-8ని కోడ్ పేజీగా అడగొచ్చు. జావాలో యూఆర్‌ఎల్‌ని యూఆర్‌ఐగా మార్చి పాత్ తీసుకుంటే %20 గొడవ పోతుంది. షెల్లులో కొటేషన్లు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు :-)

మీ బిల్డు మెషీన్లో ఇవాళే 'హైదరాబాద్ #2 !' అని ఒక ఫోల్డరు చేసి, ప్రాజెక్టంతా అందులోకి దింపి నడిపి చూడండి. ఎక్కడ ఆగిందో కామెంట్లలో రాయండి.