ఊరు మారిన ఉక్కు కొలిమి

జర్మనీలోని డోర్ట్‌మండ్ నగరంలో హోర్డె అనే పేట ఉంది. 1841లో మొదలైన ఇనుము, ఉక్కు పని అక్కడ నూట అరవై ఏళ్లు సాగింది. 2001లో అక్కడి ఫీనిక్స్ ఉక్కు కర్మాగారం మూతపడితే చైనాకు చెందిన షాగాంగ్ సంస్థ కొనుక్కుంది. వెయ్యిమంది దాకా చైనా కార్మికులు వచ్చి, భాగాలన్నీ విప్పి, ఓడలకెక్కించారు. అవి యాంగ్జీ నది ఒడ్డుకు చేరాయి. ఖాళీ అయిన స్థలాన్ని తవ్వి, 2010లో నీళ్లు నింపి సరస్సు చేశారు. ఇప్పుడు దాని గట్టున ఖరీదైన ఇళ్లు, పడవ షికార్లు. హోర్డెలో గాలి బాగుపడింది. భూగోళానికి మాత్రం ఒరిగిందేమీ లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో సంపదకూ పొగకూ ఉన్న ముడి కళ్లెదుటే ఉండేది. మాంచెస్టర్ మిల్లుల లాభం, ఆ మిల్లుల మసి ఒకే ఊళ్లో పోగయ్యేవి. ఆ ముడిని విప్పింది సరుకు ఓడ. 1956లో అమెరికా రవాణా వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ 58 కంటైనర్లను ఓడలో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. ఆ పద్ధతి పాకిన కొద్దీ సరుకు రవాణా చౌకై, తయారీ ఒక ఖండానికీ వాడకం మరో ఖండానికీ చేరాయి.

దేశం సంపన్నమైతే కాలుష్యం దానంతటదే తగ్గుతుందన్న నమ్మకానికి 1991లో ఆర్థికవేత్తలు గ్రాస్‌మన్, క్రూగర్ల పరిశోధన ఊతమిచ్చింది. కానీ వాళ్లు చూసింది సల్ఫర్ డయాక్సైడ్‌నూ పొగనూ. అవి ఊళ్లోవాళ్లకే దగ్గు తెప్పిస్తాయి కాబట్టి జనం అడుగుతారు, ప్రభుత్వం కదులుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు వాసనా లేదు, సరిహద్దూ లేదు.

1997 క్యోటో ఒప్పందం ఉద్గారాలు తగ్గించే బాధ్యతను సంపన్న దేశాల మీదే పెట్టింది. చారిత్రకంగా అది న్యాయమే. అయితే లెక్క మాత్రం ఇంధనం ఎక్కడ కాలిందో ఆ దేశం ఖాతాలోకే. విశాఖ ఉక్కు ఫర్నేసుల్లోకి ఎక్కువగా ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు వస్తుంది. దాని ఉద్గారాలు మన పద్దులో పడతాయి. దాన్ని మోసుకొచ్చిన ఓడ ఇంధనం ఏ దేశం పద్దులోనూ పడదు.

2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. కొద్ది ఏళ్లకే ఉద్గారాల్లో అమెరికాను దాటేసింది. ఆ దశకంలో చైనా ఉద్గారాల్లో సుమారు నాలుగో వంతు ఎగుమతి సరుకు తయారీవేనని పరిశోధకులు లెక్కగట్టారు. ఇటు బ్రిటన్ 1990 నాటి ఉద్గారాలను సగానికి తగ్గించి, ఆర్థికంగానూ పెరిగింది. అందులో నిజమైన కృషి ఉంది. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్నీ మూసేసింది. కానీ దిగుమతి సరుకు వెనకున్న పొగనూ కలిపితే ఆ తగ్గుదల అంత పెద్దదిగా కనిపించదు.

ఐరోపా సమాఖ్య 2026 నుంచి దిగుమతి ఉక్కు, సిమెంటు, అల్యూమినియం మీద కార్బన్ సుంకం మొదలుపెట్టింది. మన దేశం అభ్యంతరం చెబుతోంది. చెప్పాలి కూడా, ఫర్నేసులు తూర్పుకు తరలినప్పుడు లాభపడ్డవాళ్లే ఇప్పుడు సుంకం అడుగుతున్నారు. అయినా టన్ను ఉక్కుకు మనం వదిలే కార్బన్ ప్రపంచ సగటు కంటే ఎక్కువ. 2024 డిసెంబరులో మన ఉక్కు శాఖ ఆ ఉద్గారం 2.2 టన్నుల లోపు ఉంటేనే హరిత ఉక్కు అని గీత గీసింది. ఆ గీత కిందికి దిగడానికయ్యే ఖర్చులో, ఇన్నాళ్లూ చవక ఉక్కు కొనుక్కున్నవాళ్లు తమ వాటా మోయాలి.