చేయి పెట్టని ప్రమాణాలు: విశాఖలో క్రోనోమీటర్ నుంచి వోల్ట్ దాకా

విశాఖపట్నంలో కొలత ప్రమాణాన్ని సొంత ఖర్చుతో నిలిపి కాపాడినవారి చరిత్రను గోడే వెంకట జగ్గారావుతో మొదలుపెట్టడం న్యాయం. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకున్న ఆయన, 1840లో విశాఖలోనే ఒక వేధశాలను, అంటే గ్రహనక్షత్రాల గమనాన్ని పరికరాలతో పరిశీలించి లెక్కగట్టే శాలను, నెలకొల్పాడు; రేవుకు వచ్చే ఓడలకు సరైన వేళ తెలియడానికి డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండా స్తంభాన్ని కూడా నిలిపాడు. 1856లో ఆయన మరణించిన తరువాత ఆ శాల అల్లుడు అంకితం వెంకట నరసింగరావు చేతికి వచ్చింది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిన దృశ్యాన్ని ఆయన ఇక్కడినుంచే పరిశీలించాడు.

ఓడకు ఈ సంకేతం ఎందుకు కావలసివచ్చిందంటే, నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే గ్రీనిచ్ కాలం తెలియాలి, దానిని మోసుకుపోయే గడియారమే క్రోనోమీటర్. అది 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఓడ స్థానం ఒక నాటికల్ మైలు తప్పుతుంది. అయినా తేడా కనబడగానే నావికులు ముళ్లు జరిపేవారు కారు. ఎంత తేడా ఉందో, రోజుకు ఎంత చొప్పున పెరుగుతోందో పుస్తకంలో రాసి, లెక్కలో సవరించుకునేవారు. రెండు క్రోనోమీటర్లు విభేదిస్తే ఏది తప్పిందో తేలదు కనుక, జాగ్రత్తగల ఓడలు మూడింటిని ఉంచుకునేవి. ప్రమాణాన్ని కాపాడే విద్యకు ఇంతకన్నా గట్టి పునాది లేదు.

విద్యుత్తు విషయంలో క్రోనోమీటర్ స్థానాన్ని ఎడ్వర్డ్ వెస్టన్ 1893లో రూపొందించిన ప్రమాణ ఘటం ఆక్రమించింది. ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే గాజు గొట్టంలో ఒక కాలిలో పాదరసం, రెండో కాలిలో కాడ్మియం కలిపిన పాదరసం, పైన కాడ్మియం సల్ఫేట్ ద్రావణం ఉండే ఈ ఘటం 20 డిగ్రీల వద్ద సుమారు 1.0183 వోల్టులు ఇస్తుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే దాదాపు 40 మైక్రోవోల్టులు, అంటే వోల్టులో పదిలక్షోవంతులు 40, తగ్గుతుంది. ఘటాన్ని వంచకూడదు, దాని నుంచి కరెంటు లాగకూడదు.

1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారంతో ఈ నగరానికి కొత్త గుర్తింపు వచ్చింది. ఉక్కు తయారీలోనూ వేడి కొలత వోల్టు మీదనే ఆధారపడుతుంది: ప్లాటినం తీగనూ, పదిశాతం రోడియం కలిసిన ప్లాటినం తీగనూ జోడించిన థర్మోకపుల్ 1600 డిగ్రీల వద్ద ఇచ్చేది 16.8 మిల్లీవోల్టులే, డిగ్రీకి సుమారు 12 మైక్రోవోల్టులే. అందువల్ల మీటరు 120 మైక్రోవోల్టులు తప్పితే కరిగిన ఉక్కు వేడి పది డిగ్రీలు తప్పుగా కనబడుతుంది.

తరువాత ఘటాల చోటును స్థిరమైన వోల్టేజీ ఇచ్చే జీనర్ డయోడ్ ప్రమాణాలు తీసుకున్నాయి. 1962లో భౌతికశాస్త్రవేత్త జోసెఫ్‌సన్ ఊహించిన క్వాంటం ప్రభావం 1990 జనవరి 1 నుంచి జాతీయ ప్రయోగశాలల్లో వోల్టుకు ఉమ్మడి ఆధారమైంది. ఇంట్లో చిన్న ప్రయోగశాల నడిపే అభిరుచిపరులకు అందేది మాత్రం సెకండ్‌హ్యాండ్ జీనర్ పరికరమే. ఫ్లూక్ 732ఏ వంటి దానిలో 10 వోల్టులు, 1 వోల్టుతో పాటు 1.018 వోల్టుల కొస కూడా ఉండడం వెస్టన్ ఘటం విడిచివెళ్లిన ఆనవాలు. ఇటువంటి పరికరాన్ని ఎన్నుకునేటప్పుడు పెట్టె మెరుపు కంటె దాని కొలతల చరిత్ర ముఖ్యం: కరెంటు సరఫరా ఎన్నడూ ఆపకుండా ఉంచారా, లోపలి బ్యాటరీలు కారి పలకను తినేశాయా, సవరణ మరపై సీలు చెదిరిందా అన్నవి చూడాలి. లారీలో వచ్చిన పరికరాన్ని కొన్ని వారాలు నిరంతరం కరెంటుపై ఉంచి స్థిరపడనివ్వాలి. సముద్రపు గాలి తేమను సర్క్యూట్ పలకలు పీల్చుకుని కొలత పక్కకు జరిగే అవకాశం ఉన్న విశాఖలో, ఇంటి పుస్తకంలో తేదీ పక్కన ఉష్ణోగ్రతతో పాటు తేమను కూడా నమోదు చేయడం తప్పనిసరి. క్రోనోమీటర్లలాగే మూడు పరికరాలను ఉంచుకుంటే, ఆ వరుసలోనే వాటి మధ్య తేడాలు మైక్రోవోల్టుల్లో నిలువుగా దిగుతూ ఉంటాయి; సవరణ మరను మాత్రం ఎవరూ తిప్పరు.