బొమ్మల చిత్రములలో రాకుమార్తెలు

కచేరీలో గుమాస్తాగిరి ముగించి గోపాల్‌పూరు చేరిన పిమ్మట, సాయంకాలము సముద్రతీరమునకు పోవుటయు, రాత్రి మనుమరాలితో కూర్చుండి బొమ్మల సినిమాలు చూచుటయు మాకు నిత్యకృత్యములైనవి. ఒకనాడు వాల్ట్ డిస్నీ సంస్థవారు 1937లో నిర్మించిన ‘స్నోవైట్’ చిత్రమును చూచుచుంటిమి. విషపు ఆపిల్ కొరికి గాజుపెట్టెలో పరుండిన రాకుమారిని చూపి ఆ బిడ్డ, “తాతా, ఈ పిల్ల ఇల్లు ఊడ్చింది, వంట చేసింది, ఇప్పుడు పడుకుంది. మరి రాకుమారి ఎప్పుడవుతుంది?” అని అడిగినది. మాకు సమాధానము తోచలేదు.

ప్రశ్న వచ్చిన పాతకాగితములు వెదకుట గుమాస్తాకు అలవాటు. వెదకగా 1938 నాటి యొక ఉత్తరము సంగతి తెలిసినది. చిత్రకళలో శిక్షణకై దరఖాస్తు పంపుకొన్న యొక యువతికి ఆ సంస్థ ఇచ్చిన ప్రత్యుత్తరమది. తెరబొమ్మలను కల్పించు పని స్త్రీలు చేయరనియు, అది యువకులదేననియు, స్త్రీలకు దొరకునది సెల్యులాయిడ్ రేకులపై గీతలను సిరాతో దిద్ది వెనుకవైపున రంగులు నింపు పని మాత్రమేననియు అందున్నది. చేవ్రాలు చేసినది కూడ స్త్రీయే! పై యధికారి మాటను మా చేతితో వ్రాసి పంపిన ఉత్తరములు మాకును లెక్కలేనన్ని గలవు. కనుక ఆమెను తప్పుపట్టజాలము. ఇది దూరదేశపు వింతయు గాదు. బరంపురమున మన నేతగాండ్ర యిండ్లలో కండెలు చుట్టునది ఆడువారు. పట్టుచీరకు వచ్చు పేరు మగ్గముపై కూర్చున్నవానిది.

మన తెలుగు చిత్రములను చూతము. 1942లో వచ్చిన జెమినీవారి ‘బాలనాగమ్మ’లో కాంచనమాలగారు నాయిక. మాయల మరాఠీ ఆమెను కుక్కగా మార్చి కొనిపోవును. చెరలో ఆమె వ్రతమను నెపముతో ఏండ్ల తరబడి వానిని దూరముంచును. గాజుపెట్టెలోని స్నోవైట్ కంటె ఈమె యెంత మెలకువ గలది! అయినను విడిపించిన కీర్తి కుమారుడు బాలవర్ధిరాజుకే దక్కినది. 1953లో భానుమతిగారు స్వయముగా దర్శకత్వము వహించి, తెలుగు, తమిళ, హిందీ భాషలలో ‘చండీరాణి’ని తీసిరి. అందు తానే రెండు పాత్రలు ధరించి, ఒకతెను మెత్తనిదానిగను, వేరొకతెను సాహసురాలిగను చూపిరి. దర్శకత్వము స్త్రీ చేతికి వచ్చిననాడు నాయిక చేతికి సాహసము వచ్చుట కాకతాళీయమని మేము తలపము.

డిస్నీవారి నాయికలు 1989 నాటి ‘లిటిల్ మెర్మైడ్’ నుండి ఇల్లు విడిచి లోకము చూడసాగిరి. కాని ఆ మత్స్యకన్య కాళ్ల కొరకు తన గొంతునే అమ్ముకొనినది! 2016లో కార్మెన్ ఫాట్, కారెన్ ఐజెన్‌హవర్ అను భాషాశాస్త్రజ్ఞులు లెక్కింపగా, ఆ చిత్రములోని మాటలలో 68 శాతము పురుషపాత్రలవని తేలినది. నిద్రించు రాకుమారి కథయైన 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’లోనో, 71 శాతము స్త్రీలవే. అంకెలు తారుమారైనవేమోయని మేము మరల చూచితిమి, కాలేదు. పాత చిత్రములో రాకుమారి నిద్రించినను ముగ్గురు దేవకన్యలును, మంత్రగత్తెయు మాటలాడుదురు. కొత్త నాయిక ధైర్యశాలియే, కాని ఆమె చుట్టునుండు చెలికాండ్రు, సేవకులు, హాస్యగాండ్రు మగవారే.

2013లో వచ్చిన ‘ఫ్రోజన్’ను వ్రాసినది జెన్నిఫర్ లీ, క్రిస్ బక్‌తో కలిసి దర్శకత్వము వహించినదియు ఆమెయే. అందు అక్క పెండ్లి లేకయే రాణియగును. చెల్లెలి ప్రాణము నిలిపినది రాకుమారుని ముద్దు గాదు, తోబుట్టువుల ప్రేమ. అందును మగవారి మాటలు 59 శాతము! 2019లో దాని రెండవ భాగము తెలుగున వచ్చినప్పుడు అక్కకు గొంతునిచ్చినది నిత్యా మీనన్. రాకుమారి కథలు పెండ్లితో ముగియుట విని విని పెరిగినవారము మేము. అయితే బరంపురమున రెండేండ్ల కొకమారు జరుగు జాతరలో బుఢీ ఠాకురాణి ఆడపడుచై పుట్టింటికి వచ్చుటయే పండుగ. ఊరెల్ల ఆమె వెంట నడచును. ఇన్నేండ్లు చూచియు ఆ తేడాను మేము గమనింపలేదు.

ఇప్పుడు మనుమరాలు మా పాత కాగితముల వెనుకవైపున తానే రాకుమార్తెలను గీయుచున్నది. మొన్న ఒకతెను పడవ యెక్కించి సముద్రముపై నడిపినది. మేమును పెన్సిలు అందుకొనబోగా చేయి పట్టి ఆపి, “గీతలు నేను గీస్తాను తాతా, నువ్వు రంగులు నింపు,” అన్నది.