రొదలో నాదం

శివరాత్రినాడు కీసరగుట్ట మీద జాగరణ చేసినవారికి ఒక అనుభవం కలిగి ఉంటుంది. తెల్లవారుజామున కనురెప్పలు బరువెక్కుతుండగా రామలింగేశ్వరుని గుడిగంట, కొబ్బరికాయలు పగిలే చప్పుడు, పిల్లల బూరలు, తప్పిపోయిన కొడుకును పేరు పెట్టి పిలిచే తల్లి గొంతు, ఇవన్నీ వేరువేరుగా కాక ఒక్క ముద్దగా చెవిని చేరుతాయి. దానిని మనం రొద అంటాము. కాని ఆ నిద్రమబ్బులో ఏ ధ్వని దేనిదో మరచిపోయిన ఒక్క క్షణం, ఆ రొదయే ఏదో గానం వలె తోస్తుంది. మరుక్షణం మెలకువ వస్తుంది. గంట గంట అవుతుంది, బూర బూర అవుతుంది.

ఆ ఒక్క క్షణాన్ని పట్టి నిలుపవలెనని ప్రయత్నించినవారి చరిత్రయే నేటి ప్రసంగ విషయం. వారిలో పెక్కుమంది సంగీత సభలలో పేరుపొందిన విద్వాంసులు కారు. రేడియో స్టేషన్లలో పనిచేసినవారు. కనుక ఇంట రేడియో ఉన్న ప్రతివారికీ ఇది కొంతవరకు సొంత ఇంటి కథయే.

నాచారంలో నివసించేవారు రాత్రివేళ మౌలాలి వైపు నుండి రైలు చప్పుడు వినక మానరు. ఆ చప్పుడును విని వేళ తెలుసుకొన్నవారే గాని, దానితో ఒక కృతి కూర్చవచ్చునని తలచినవారు అరుదు. పారిస్ నగరంలో పియేర్ షెఫేర్ అనే ఫ్రెంచి రేడియో ఇంజనీరు అట్లే తలచినాడు. 1948లో ఆయన బాతిన్యోల్ స్టేషనుకు వెళ్ళి, పొగబండ్ల ఈలలు, ఆవిరి బుసలు, పట్టాల అతుకుల మీద చక్రాల టకటకలు రికార్డు చేసి తెచ్చినాడు. వాటిని ఏరి, కోసి, ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చి, సుమారు మూడు నిమిషాల రచన చేసినాడు. ఇట్టివే మరికొన్నింటితో కలిపి 1948 అక్టోబరు 5న ఫ్రెంచి రేడియో దానిని ప్రసారం చేసినది. ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు ‘చప్పుళ్ళ కచేరి’. ఈ పద్ధతికి ఆయన ‘మ్యూజిక్ కాంక్రేత్’ అని పేరు పెట్టినాడు. స్వరలిపిలో ముందు వ్రాసుకొని పిదప వాయించేది కాక, చేతికి అందిన ధ్వనితోనే మొదలుపెట్టి కట్టే సంగీతమని దాని భావం.

ఆనాడు ఆయన చేతిలో టేపు లేదు. ఉన్నది గ్రామఫోను డిస్కు మాత్రమే. ముల్లు ఒకే గాడిలో ఇరుక్కొని పాడిన మాటనే మళ్ళీ మళ్ళీ పాడటం గ్రామఫోను ఉన్న ఇండ్లలో అందరూ ఎరిగినదే. విసుగుతో ముల్లును తీసి ముందుకు జరిపేవారు. షెఫేర్ ఆ లోపాన్నే సాధనంగా చేసుకొన్నాడు. గాడిని వలయంగా మూసివేసినందున ఒక్క చప్పుడు ఆగకుండా తిరుగుతుంది. నాలుగైదు సార్లు విన్నంతవరకు అది రైలే. ఇరవైసార్లు విన్న పిదప రైలు మరుగునపడి, అందులోని లయ, ఒరపిడి, ఎత్తుపల్లాలు మాత్రమే చెవికి మిగులుతాయి. గుట్ట మీద నిద్రమబ్బులో జరిగినది ఇదే గదా!

మరొక పరిశోధన ఇంతకంటె వింతైనది. గంటను కొట్టిన తొలి దెబ్బను తొలగించి, పిదప మిగిలిన మ్రోతను మాత్రమే నిలకడగా వినిపిస్తే, అది గంట వలె వినిపించదని ఆయన గమనించినాడు. ఓబో ధ్వని వలె ఉన్నది. ఓబో మన సన్నాయి వలె జంట పీకతో ఊదే వాద్యం. అనగా మన చెవి గంటను గంటగా గుర్తించేది దాని మ్రోతను బట్టి మాత్రమే కాదు, చాలవరకు ఆ తొలి దెబ్బను బట్టి. వాద్యాల స్వభావాన్ని గూర్చి ఇంతటి సూక్ష్మం ఒక రేడియో స్టేషను గదిలో డిస్కులతో కుస్తీ పడుతుండగా బయటపడినది.

కొద్దికాలంలోనే టేపు వచ్చి పనిని సులభం చేసినది. సెకనుకు 15 అంగుళాల వేగంతో సాగే టేపు మీద అర సెకను మృదంగ ఘాతం ఏడున్నర అంగుళాల పొడవు ఉంటుంది. కాలం కొలబద్దకు అందినది. బ్లేడుతో కోయవచ్చు, అతికించవచ్చు. తిరగవేసి నడిపిస్తే మృదంగ ఘాతం సన్నగా మొదలై ఉబ్బి, చటుక్కున తెగిపోతుంది. వేగం సగం చేస్తే ధ్వని ఒక స్థాయి కిందికి దిగి, రెట్టింపు కాలం నిలుస్తుంది. ఈ వేగం మార్చే ఉపాయం సంగీతానికే పరిమితం కాలేదు. భూకంప తరంగాలు చాల మెల్లనివి; మన చెవి సెకనుకు ఇరవై కంపనలకు తక్కువైన దానిని వినలేదు. అమెరికాలో 1950ల నాటికే భూకంపాలను టేపు మీద పట్టి, ఎన్నో రెట్ల వేగంతో నడిపి చెవికి వినిపింపజేసినారు. ఉప్పల్ మార్గంలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో స్థాపితమైనది. దాని ప్రక్కగా పోయేటప్పుడు ఈ సంగతి స్మరించదగినది: నిశ్శబ్దమని మనం అనుకొనే భూమి, మన చెవికి అందనంత మెల్లగా మాట్లాడుతున్నది.

ఈ విద్యకు పారిసే జన్మస్థానమని తరచు చెప్తారు. కాని అంతకు నాలుగేండ్ల ముందే, 1944లో, కైరో నగరంలో హలీం ఎల్-దబ్ అనే యువకుడు ఒక రేడియో స్టేషను నుండి తీగ మీద రికార్డు చేసే యంత్రాన్ని అరువు తెచ్చుకొని, ‘జార్’ అనే రోగశాంతి కర్మలో స్త్రీలు పాడే పాటలను పట్టినాడు. వాటి ప్రతిధ్వనులను మార్చి, కంఠాల మూలస్వరాలను తగ్గించి, లోపలి అనుస్వరాలను పైకి తెచ్చి ఒక రచన చేసినాడు. పిదప ఈ విద్య స్టేషను నుండి స్టేషనుకు ప్రాకినది. జర్మనీలోని కొలోన్ రేడియో యంత్రజనితమైన ధ్వనులతో ప్రయోగాలు చేసినది. 1956లో అక్కడ స్టాక్‌హౌజెన్ ఒక బాలుని కంఠాన్ని ఆ ధ్వనులలో కలిపి, ఆ మార్గానికీ పారిస్ మార్గానికీ సంధి కుదిర్చినాడు. జపాన్ రేడియో 1955లోనూ, బి.బి.సి. 1958లోనూ ఇట్టి ప్రయోగశాలలను నెలకొల్పినవి. 1963లో బి.బి.సి.లో డీలియా డెర్బిషైర్ ఒక టెలివిజను నాటకానికి రాన్ గ్రెయినర్ కట్టిన వరుసను ఈ పద్ధతిలో రూపొందించినది. మీటిన ఒక్క తీగ ధ్వనిని, యంత్రపు ఈలలను టేపు ముక్కలుగా కోసి, స్వరం వెంట స్వరం అతికినది.

మరి మన దేశంలో? దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో చేరినది. రేడియో నాటకాలు వినేవారికి కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కలను, రేకుతో ఉరుమును పుట్టించే నేర్పు క్రొత్త కాదు. అయితే ఆ చప్పుళ్ళు కథకు సేవకులు. తమకై తాము నిలిచినవి కావు. మన సంగీతజ్ఞులు తొక్కిన దారి వేరు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి ఆకాశవాణి వాద్యబృందానికి ‘ఆదర్శ శిఖరారోహణం’ అనే ఎవరెస్టు ఆరోహణ చిత్రణను కూర్చినారు. ఆయన శిష్యుడు, కాకినాడకు చెందిన చిట్టిబాబు, వీణ మీద కోయిల కూతను పలికించి జనాన్ని మురిపించినారు. పారిస్‌లో లోకంలోని చప్పుడును తెచ్చి సంగీతం చేసినారు. మనవారు సంగీతంతో లోకంలోని చప్పుడును పలికించినారు. ఒకే ఏటికి ఇవి రెండు గట్లు.

ఆ రెండవ గట్టుకు మన దేశంలోనూ కొందరు చేరినారు. మద్రాసులో పుట్టిన వేణు విద్వాంసుడు విజయ రాఘవరావు ఫిలిమ్స్ డివిజన్ వారి ప్రయోగ చిత్రాలకు సంగీతం కూర్చినారు. ప్రమోద్ పతి 1968లో తీసిన ‘ఎక్స్‌ప్లోరర్’ అందులో ఒకటి. మరుసటి సంవత్సరం, 1969లో, అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మోగ్ సింథసైజరు, టేపు యంత్రాలతో ఒక స్టూడియో వెలసినది. దానిని అమర్చినవాడు అమెరికన్ సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్. దాని వెనుక ఉన్న ప్రేరణ పఖవాజ్ వాదకురాలు గీతా సారాభాయిది. 1946లో ఆమె న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పి, ఆయన వద్ద పాశ్చాత్య సంగీతం నేర్చుకొన్నది. ఆమెతోపాటు ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అక్కడ రచనలు చేసినారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ పని ఆగిపోయినది. టేపులు సంస్థ భాండాగారంలో దశాబ్దాల తరబడి పడి ఉన్నవి. లండను కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెదకి తీయగా, 2023లో అవి లోకానికి వినిపించినవి. ఆ అరలలో టేపులు చెడిపోయి ఉంటే, మన దేశంలో ఈ సంగీతం పుట్టిన సంగతికి సాక్ష్యమే ఉండేది కాదు.

ఇంతకూ ఇది సంగీతమేనా అని శ్రోతలు అడగవచ్చు. శ్రుతి లేదు, రాగం లేదు. దీనిని ఎట్లా ఒప్పుకొనేది? ఈ సందేహం షెఫేర్‌నే వదలలేదు. 1986లో, వృద్ధాప్యంలో, స్వరసప్తకం దాటి వెలుపల సంగీతం సాధ్యం కాదని, తన ప్రయత్నం విఫలమైనదని ఆయన స్వయంగా ఒప్పుకొన్నాడు. నలభై ఏండ్ల కృషి తరువాత ఇట్లు చెప్పడానికి ఎంతో నిజాయితీ కావలెను. ఆయన మాటను తేలికగా త్రోసివేయరాదు.

అయినను మన శాస్త్రకారులు ఇచ్చిన ఆధారం ఒకటి ఉన్నది. షడ్జాన్ని నెమలి పలుకుతుందని, రిషభాన్ని వృషభం, గాంధారాన్ని మేక, మధ్యమాన్ని క్రౌంచం, పంచమాన్ని కోయిల, ధైవతాన్ని గుర్రం, నిషాదాన్ని ఏనుగు పలుకుతాయని వారు చెప్పినారు. ఏనుగు ఘీంకారంలో నిషాదాన్ని విన్న చెవి, రైలు చప్పుడును విననిరాకరించే చెవి కాదు. షెఫేర్ రాగాన్ని సృష్టించలేకపోయి ఉండవచ్చు. కాని రాగం పుట్టకముందు ఉండవలసిన శ్రవణాన్ని ఆయన మళ్ళీ మేల్కొలిపినాడు. నా దృష్టిలో అది ఓటమి కాదు.

ఇందులో మనకు దక్కేదీ, దక్కకపోయేదీ కూడా ఉన్నవి. పొగబండి బుస మన దారులలో ఇప్పుడు లేదు. పట్టాలను పొడవుగా అతికి వేయడంతో చక్రాల టకటక పలుచబడినది. 2017 నవంబరు నుండి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడుస్తున్నది. దాని స్వరం వేరు. బావి గిలక కిర్రుమనడం, రోటిలో పచ్చడి నూరే చప్పుడు, పీట మీద కత్తిపీట చప్పుడు మన పిల్లలలో ఎందరు ఎరుగుదురు? రాజుల శాసనాలు రాతి మీద మిగిలినవి. కాని ఇంటి చప్పుడుకు శాసనం లేదు. ఎవరైనా పట్టి ఉంచితేనే ఉంటుంది. నేడు రికార్డు చేసే పరికరం ఇంచుమించు ప్రతి చేతిలోనూ ఉన్నది. లేనిది వినే ఓపిక.

ఈ రాత్రి మీ రేడియోను కట్టిన పిదప ఒక్క నిమిషం దీపమార్పి కూర్చొనండి. దూరాన రైలు, ప్రక్కింట పసిబిడ్డ ఏడుపు, పంఖా గిర్రుమనడం వినిపిస్తాయి. ఏది దేనిదో క్షణకాలం మరచిపోయి వినండి. కచేరి అప్పటికే ప్రారంభమై ఉంటుంది.