పొలం పనుల్లో దుమ్ము, పొగ: ఊపిరితిత్తుల రక్షణకు జాగ్రత్తలు

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు ప్రాంతంలో సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్ట భూముల్లో పత్తి, మిర్చి పండిస్తారు. సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతం కూడా ఇదే. కోతలు, కల్లం పనుల్లో లేచే దుమ్ము, కొయ్యలు కాల్చిన పొగ, రోడ్ల మీద లారీల దుమ్ము అన్నీ ఒకే మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

ఏ పనిలో ఏ ప్రమాదం?

• వరికోత మిషన్, తూర్పారబట్టడం: వడ్ల నూగు, మట్టి వల్ల దగ్గు, తుమ్ములు, కళ్ల మంట వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది.
• బూజు పట్టిన గడ్డి, ధాన్యం: కదిలించిన 4 నుంచి 8 గంటల తర్వాత జ్వరం, చలి, పొడిదగ్గు, ఆయాసం రావచ్చు. రాత్రికి వచ్చే ఈ జ్వరాన్ని జలుబు అనుకుని వదిలేస్తారు. పదే పదే వస్తే ఊపిరితిత్తులు గట్టిపడి, తిరిగి బాగుపడవు.
• మిర్చి కల్లం: కాయల ఘాటుకు గొంతు, కళ్లు మండుతాయి.
• రాతి గనులు, క్రషర్ల కూలి పని: సిలికా ఉన్న రాతిపొడి ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది.
• సిమెంటు దుమ్ము: చెమటతో కలిస్తే చర్మం కాలుతుంది. కంట్లో పడితే నలపకుండా 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి, డాక్టరుకు చూపించాలి.

పాటించవలసినవి

• తువ్వాల సన్నని దుమ్మును ఆపదు. ముక్కుకు, గడ్డానికి బిగుతుగా అతికే ఎన్95 మాస్క్ వాడాలి. తడిసినా, ఊపిరి ఆడక బిగుసుకున్నా మార్చాలి.
• గాలికి ఎదురుగా కాకుండా, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి.
• కల్లంలో ముందుగా నీళ్లు చల్లి దుమ్ము అణచాలి.
• గడ్డిని బాగా ఆరిన తర్వాతే వామి వేయాలి.
• ఇంటికి రాగానే స్నానం చేయాలి. పని బట్టలు విడిగా ఉతకాలి.

కొయ్యలు కాల్చవద్దు

టన్ను గడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ నష్టమవుతాయని అంచనా. దానికి బదులు దమ్ములో ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నితే కొయ్యలు త్వరగా మురుగుతాయి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, తెమడలో రక్తం పడినా, నడిస్తే ఆయాసం వచ్చినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఏ దుమ్ములో ఎన్నేళ్లు పని చేశారో తప్పక చెప్పాలి. అది తెలియకపోతే అసలు జబ్బు బయటపడడం ఆలస్యమవుతుంది. ఊపిరి అందకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. బీడీ, సిగరెట్ మానకపోతే ఈ జాగ్రత్తల ఫలితం సగం పోయినట్టే.