ఇనుపదారి

కాశికిఁ బోయినవాఁడు కాటికిఁ బోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పుకొనెడివారు. ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణము విడిచి, బోయీలు మోయు పల్లకిలోఁ గాశీయాత్ర సాగించి, మరల నిల్లు చేరుటకుఁ బదునైదు మాసములకుఁ బైగాఁ బట్టినది. ఆయన యింకను ద్రోవలో నుండఁగనే, ఆ యేఁడు సెప్టెంబరు 15వ తేదీని ఇంగ్లండు దేశమున లివర్పూలు, మాంచెష్టరు నగరముల నడుమ ఆవిరిబండి నడవనారంభించెను. మేము బడిలో నీ రెండు సంగతులను జేర్చి చెప్పుట వాడుక. ఆపైని 1853 ఏప్రిలు 16వ తేదీని బొంబాయినుండి ఠాణాకు బండి నడచుటయు, అంటరానివాఁడని యూరివెలుపల నుంచఁబడినవానిప్రక్కనే యగ్రహారీకుఁ డొక్కబల్లమీఁదఁ గూర్చుండవలసివచ్చుటయుఁ జెప్పి, “ఇనుపదారి పోయినచోటి కెల్ల మనుష్యత్వము పోవును” అని పాఠము ముగించెడివారము. పిల్లలు దీనిని వ్రాసికొనెడివారు. ఇరువది యేండ్లుగా వ్రాసికొనుచున్నారు.

గత వేసవి సెలవులలో మేమును మా మిత్రులొకరును యూరపుఖండమున రైలుబండిమీఁదఁ గొన్ని పట్టణములు చూచి వచ్చితిమి. ఆ మిత్రులు రైల్వేకొలువున నున్నవారు. బండ్ల రాకపోకల పట్టికలు వ్రాయుటయే వారి వృత్తి. ప్రతి స్టేషనునందును బండి యెన్ని నిమిషము లాలస్యముగా వచ్చెనో చిన్నపుస్తకమున వ్రాసికొనకున్న వారికి భోజనము రుచింపదు. మేము కోటలు చూతమన్న, వారు ప్లాట్‌ఫారములు చూతమనిరి. తుదకు వారిమాటయే నెగ్గినది.

మొదట జర్మనీదేశమున న్యూరెంబర్గు చేరితిమి. ఆ దేశమున మనుష్యుల నెక్కించుకొని యావిరిబండి మొట్టమొదట నడచినది ఇచ్చటినుండియే. అది 1835 డిసెంబరు 7వ తేదీ. బండి పోయినది ఆఱుమైళ్లయినను గాదు, పొరుగున నున్న ఫ్యూర్తు పట్టణమువఱకే. యంత్రమునకు ఆడ్లరు, అనఁగా గ్రద్ద, యని పేరు పెట్టిరి. దానిని న్యూకాసిలునందలి స్టీఫెన్‌సనుగారి కార్ఖానాలోఁ జేయించి, విడిభాగములుగాఁ బెట్టెలలోఁ దెప్పించిరి. నడపిన విల్సనుగూడ ఇంగ్లీషువాఁడే. అంత వేగమునఁ బోవువారికి మతి చలించునని బవేరియా వైద్యులు విన్నవించిరని యొకకథ కలదు. అట్టి విన్నపపత్రము నేఁటివఱకు నెవరికిని దొరకలేదు. కథమాత్రము దొరకినవారి నెల్లఁ బట్టుకొనుచునే యున్నది.

ఈ కొలఁది దూరమున నొక విశేష మున్నది. న్యూరెంబర్గువారు 1499వ సంవత్సరమున యూదులను బట్టణమునుండి వెడలఁగొట్టిరి. ఫ్యూర్తునందు వారికి నివాసము దొరకినది. కాలక్రమమున నది వారి విద్యకును వర్తకమునకును బేరువడసినది. న్యూరెంబర్గులో మరల స్థిరనివాసమునకు యూదున కనుమతి లభించినది 1850లోఁగాని కాదు. కావున ఆ మొదటి యినుపదారి యొక కొసయందు నివసింపవచ్చును, రెండవకొసయందు నివసింపరాదు. గోడ పడుటకుముందే బండి పోయినది. ఇది చదివినప్పుడు మా బడిపాఠమునకు మంచిసాక్ష్యము దొరకెనని మేము లోలోన సంతోషించితిమి.

ఆ సంతోషము ఆ పూఁటయైనను నిలువలేదు. 1935వ సంవత్సరమున న్యూరెంబర్గులో జర్మనురైలునకు నూఱేండ్ల పండుగ చేసిరి. పాతయంత్రము వెనుకటికే పోయినందున దానిని బోలిన క్రొత్త ఆడ్లరును జేయించి నడపిరి. ఆ యేఁడే, ఆ యూరిలోనే జరిగిన నాజీల మహాసభలో సెప్టెంబరు 15వ తేదీని రెండు శాసనములు వెలువడినవి. ఒకటి యూదుల పౌరత్వమును దీసివేసినది. రెండవది యూదులకును జర్మనులకును నడుమ వివాహమును నేరముగాఁ జేసినది. ఎవనికి యూదులైన తాతలవ్వ లెందఱో లెక్కించి మనుష్యుని జాతిని నిర్ణయించు పట్టికలుగూడ వ్రేలాడఁగట్టిరి. పెండ్లికి రక్తశుద్ధిని గొలఁతగాఁ బెట్టిన యా శాసనము మాకు పరదేశపు వింతగాఁ దోఁపలేదు. ఇట్టి కొలఁతలతో సంబంధములు నిశ్చయించు నిండ్లలోనే మేము పెరిగితిమి.

బెర్లినునకుఁ బోవుబండి మూఁడుగంటలలోఁ జేర్చినది. దానినిగూర్చి చెప్పవలసిన దేమియు లేదు. మఱునాఁడు గ్రూనెవాల్డు స్టేషనునకుఁ బోయితిమి. చుట్టును దోఁటలును, సంపన్నుల యిండ్లును. అచ్చటి 17వ నంబరు దారిమీఁద నిప్పుడు బండ్లు నడవవు. పట్టాలనడుమఁ జెట్లు మొలచినవి. వానిని గొట్టివేయక యట్లే యుంచినారు. ప్లాట్‌ఫారముల యంచుపొడుగునను 186 ఉక్కుపలకలు పఱచియున్నవి. ఇది జర్మనురైల్వేవారే 1998లో నిలిపిన స్మారకము. ఒక్కొక్కపలకమీఁద తేదీ, ఎక్కించిన యూదుల సంఖ్య, చేర్చిన యూరిపేరు. మొదటిది 1941 అక్టోబరు 18. వేయికిఁ బైబడినవారిని లాడ్జుపట్టణమునకుఁ బంపిరి. పిమ్మటివానిలో రీగా, ఆష్‌విట్జు, తెరేజిన్‌ష్టాటు. తుదిపలకలు 1945 నాఁటివి. యుద్ధ మోడిపోవుచుండఁగను బండ్లు నిలువలేదు.

మేము పేరులు చదువుచుంటిమి. మా మిత్రులు తేదీలు చదువుచుండిరి. కొంతసేపటికి వారు, “పంతులుగారూ, యుద్ధకాలమున సైన్యమునకే బండ్లు చాలవు. ఇన్ని బండ్లకు దారి చూపుటకు ఎవఁడో మంచి పనివాఁడు కూర్చుండి పట్టిక వ్రాసియుండును” అనిరి. మేము బదులు చెప్పలేదు. “నావంటివాఁడే” అని వారే మరలఁ బలికిరి.

ఆ పట్టికలే కాదు, చార్జీలును గలవు. జర్మనురైల్వే యీ ప్రయాణములకు మూఁడవతరగతి చార్జీ కట్టించుకొన్నది: మనిషికిఁ గిలోమీటరునకు నాలుగు ఫెనింగులు. పదేండ్లలోపు పిల్లలకు సగము, నాలుగేండ్లలోపువారికి ఉచితము. నన్నూఱుమందికిఁ బైబడినచో గుంపుచార్జీ, అనఁగా సగము తగ్గింపు. పోవుటకు మాత్రమే టిక్కెట్టు, తిరుగుటిక్కెట్టు కావలివారికే. దీనిని నడపినవారు నిరక్షరకుక్షులు కారు. లెక్కలు, భూగోళము, చట్టము చదివి పరీక్షలలోఁ గృతార్థులైనవారు. మేము బడిలోఁ జెప్పెడి యా వాక్యమును నాఁటిరాత్రి మా నోటుపుస్తకమునఁ గొట్టివేసితిమి. దానికి బదులేమి వ్రాయవలయునో తోఁపలేదు.

తరువాత ప్రాగునగరము. అచ్చటి పెద్దస్టేషనులో మొదటి ప్లాట్‌ఫారముమీఁద నొక కంచువిగ్రహ మున్నది: కండ్లద్దములు పెట్టుకొన్న పురుషుఁడు, చంకనొక పిల్లవాఁడు, ప్రక్కనొక బాలిక, ఒక పెట్టె. ఆయన నికొలాస్ వింటను, లండనునందు వాటాల వ్యాపారమున నుద్యోగి. 1938 చివర సెలవులకు మంచుకొండలకుఁ బోవలసినవాఁడు, మిత్రుఁడు పిలువఁగాఁ బ్రాగునకు వచ్చెను. యూదుల పిల్లలను ఇంగ్లండునకుఁ జేర్చుటకు ఒక్కొక్కరికి నేఁబది పౌనుల హామీయు, పెంచుకొను నిల్లును గావలయును. ఆయన లండనుపోయి యవి సమకూర్చెను. ప్రాగులో నుండి పిల్లల నెక్కించినవారు డోరీన్ వారినరు, ట్రెవర్ చాడ్విక్ మొదలగువారు. ఈ విగ్రహము వారిది కాదు. 1939లో నిట్లు బ్రదికినవారు 669 మంది. ఆ బండ్లు జర్మనీదేశముగుండనే పోయినవి. అవే పట్టాలు, అట్టి పట్టికలే.

సెప్టెంబరు 1వ తేదీని మఱియొకబండి సిద్ధమైనది. అందు రమారమి 250 మంది పిల్లలు. ఆనాఁడే జర్మనీ పోలెండుమీఁదికి దండెత్తినది. బండి కదలలేదు. ఆ పిల్లలలోఁ దఱచుగా నెవ్వరును మిగులలేదు. వింటను దన పనినిగూర్చి చెప్పుకొనలేదు. 1988లోఁగాని లోకమునకుఁ దెలియలేదు. 106 ఏండ్లు జీవించి 2015లో మరణించెను.

ఆ స్టేషనులోనే 2017లో నొక రైలుతలుపును నిలిపినారు. అద్దమునకు లోపలివైపునఁ బిల్లల చేతులు, వెలుపలివైపునఁ దల్లిదండ్రుల చేతులు చెక్కియున్నవి. మేము దానిప్రక్కఁ గూర్చుండి వియన్నా బండికొఱకుఁ గనిపెట్టుకొంటిమి. అది తొమ్మిది నిమిషము లాలస్యముగా వచ్చినది. మా మిత్రులు పుస్తకము తీయలేదు.