ఉప్పు మోసినవాళ్ల మనవలు ఎంబీఏలో చేరితే

ఎంబీఏలో చేరుతున్న మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పోస్టు కాస్త ఓపిగ్గా చదవండి. ఏ బిజినెస్ స్కూలుకు పోయినా మొదటిరోజు ఒక మాట చెప్తారు: మేనేజర్లను తయారుచేస్తాం, సొంతంగా వ్యాపారం పెట్టేవాళ్లను తయారుచేస్తాం అని. మంచి మాటే. కానీ అది వింటుంటే వ్యాపారం అంటే మన తాతలకు తెలియని విద్య అనిపిస్తుంది. మాకూ అట్లే అనిపించింది. అది నిజం కాదు.

ఎరుకల వాళ్ల సంగతే చూడండి. రైళ్లు రాకముందు మద్రాసు ప్రెసిడెన్సీలో సముద్రం ఒడ్డు ఉప్పును లోపలి ఊళ్లకు చేర్చినవాళ్లలో మనవాళ్లు ఉన్నారు. గాడిదల మీద, ఎద్దుల మీద బస్తాలు వేసుకుని ఇంటిల్లిపాదీ కదిలేవాళ్లు. ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకునేవాళ్లు, ఆ ధాన్యాన్ని ఇంకోచోట మార్చుకునేవాళ్లు. ఏ ఊళ్లో పంట పోయింది, ఏ దారిలో పశువులకు నీళ్లు దొరుకుతాయి అన్నది తెలియకుండా ఆ బేరం సాగదు. ఇప్పుడు దీన్నే సప్లై చైన్ అని సెమిస్టర్ పొడుగునా చదువుతున్నాం.

ఆ వ్యాపారం దానంతటది పోలేదు. 1805లో కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టుకుంది. 1899కి మన నెల్లూరు మీదుగా బెజవాడ–మద్రాసు రైలు నడిచింది. ఉప్పు రైలెక్కినాక గాడిదకు పనేముంది? అటవీ చట్టాలతో మేత కూడా కష్టమైంది. సరుకు పోయింది, తిరుగుడు మిగిలింది. అప్పుడు సర్కారు వాళ్లను పుట్టుకతో దొంగలన్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. మన కావలిలోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికింద ఎరుకల సెటిల్‌మెంటు నడిచింది. హాజరు పలకాలి, చీటీ లేనిదే బయటికి పోకూడదు. చెప్పిన ఉద్దేశం ఏమిటో తెలుసా? కష్టపడి బతకడం నేర్పడం! ఎవరికి? తరతరాలుగా ఉప్పు మోసిన కుటుంబాలకు. (యానాదుల శ్రీహరికోట కథ వేరే ఉంది, అది ఇంకో పోస్టులో రాస్తాం.)

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. అమెరికాలో వార్టన్ స్కూలు 1881లో పుట్టింది. హార్వర్డ్ 1908లో ఎంబీఏ మొదలుపెట్టింది. మూడేళ్లకే ఇక్కడ మన వ్యాపారులకు ఆ చట్టం తగులుకుంది. అది దేశమంతటా రద్దయింది 1952లో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ వచ్చింది 1957లో.

నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. కృష్ణపట్నం పోర్టు మొదలైందీ అదే ఏడాది. ఇప్పుడు మనవాళ్లు అక్కడ ఎంబీఏ సీట్లో కూర్చోవచ్చు, పోర్టులో ఉద్యోగం అడగొచ్చు. అడగాల్సిందే. అయితే ఈ తీరంలో బిజినెస్ స్కూలు లక్ష్యం పోర్టుకు గుమాస్తాలను పంపడం దగ్గరే ఆగితే మాకు చాలదు. ఒక వ్యాపారాన్ని చట్టం ఎట్లా చంపిందో కూడా అక్కడ పాఠం కావాలి.

మీ ప్రాజెక్టు రిపోర్టుకు టాపిక్ ఇంకా తేలకపోతే, ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు అవ్వను కూర్చోబెట్టి అడగండి. ఉప్పు ఎక్కడ ఎత్తేవాళ్లు, ఏ దారిన పోయేవాళ్లు, అప్పు ఎవరికిచ్చేవాళ్లు, ఎట్లా వసూలు చేసేవాళ్లు. ఫోన్లో రికార్డు చేసుకోండి.